స్వతంత్ర పార్టీ

స్వతంత్ర పార్టీ 1959 నుండి 1974 వరకు భారతదేశంలో పనిచేసిన ఒక జాతీయ రాజకీయ పార్టీ. చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) దీని స్థాపకుడు. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా దీని తొలి అధ్యక్షుడు. ఆస్తి హక్కును సమర్థించి, ప్రభుత్వ నియంత్రణలను వ్యతిరేకించిన ఈ పార్టీని ఏ భావజాల వర్గంలో చేర్చాలనే విషయమై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

స్థాపన

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యాన్ని సమర్థిస్తూ తీర్మానించింది. రైతు తన భూమిపై హక్కును కోల్పోతాడనే భయంతో దీనిని వ్యతిరేకించినవారు అదే సంవత్సరం జూన్‌లో మద్రాసులో కొత్త పార్టీని ప్రకటించారు. మీనూ మసానీ, కె.ఎం.మున్షీ ఇతర ముఖ్య నాయకులు. పార్టీ 21 మౌలిక సూత్రాలను ప్రకటించి, వాటి పరిధిలోకి రాని విషయాలలో సభ్యులకు స్వేచ్ఛనిచ్చింది. అందువలన హిందీని వ్యతిరేకించిన రాజాజీ, హిందీని సమర్థించిన మున్షీ ఒకే పార్టీలో ఉండగలిగారు.

ఎన్నికల ఫలితాలు

* 1962: లోక్‌సభలో 18 స్థానాలు, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19
* 1967: లోక్‌సభలో 44 స్థానాలు (ప్రతిపక్షాలలో అత్యధికం), ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29
* 1971: లోక్‌సభలో 8 స్థానాలు

1967లో ఒరిస్సాలో ఆర్.ఎన్.సింగ్‌దేవ్ ముఖ్యమంత్రిగా ఈ పార్టీ సంకీర్ణ ప్రభుత్వాన్ని నడిపింది.

భావజాలంపై చర్చ

సంస్థానాధీశుల పార్టీ: కాంగ్రెస్, కమ్యూనిస్టులు దీనిని జమీందారుల, ధనికుల పార్టీగా విమర్శించారు. జైపూర్ రాజమాత గాయత్రీదేవి, బీహారులో రామగఢ్ రాజా వంటివారు పార్టీలో ఉండటం, ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశుల ప్రాబల్యం గల గణతంత్ర పరిషత్ ఇందులో విలీనం కావడం ఈ విమర్శకు ఆధారాలు. సింగ్‌దేవ్ కూడా పాట్నా సంస్థానాధీశుడే.

రైతు పార్టీ: ఆంధ్ర ప్రాంతానికి పై వర్ణన సరిగా సరిపోదు. రంగా జమీందారీ వ్యతిరేక పోరాటాలు నడిపిన వ్యక్తి. 1951లో కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీ స్థాపించి, తరువాత తిరిగి కాంగ్రెసులో చేరారు. జమీందారీ వ్యతిరేక ఉద్యమంలో పాల్గొన్న గౌతు లచ్చన్న కూడా స్వతంత్ర నాయకులే. వీరి దృష్టిలో జమీందారు నుండి విముక్తుడైన రైతు తిరిగి ప్రభుత్వానికి లోబడరాదు. అయితే సొంత భూమి లేని వ్యవసాయ కూలీలకు ఈ వాదం ఏమి చేకూర్చగలదన్నది విమర్శకుల ప్రశ్న.

ఉదారవాదం: మసానీ 1934లో కాంగ్రెస్ సోషలిస్ట్ పార్టీ స్థాపకులలో ఒకరు. తరువాత సోషలిజాన్ని విడిచి, స్వేచ్ఛా విపణిని సమర్థించారు. రాజాజీ 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఆహార ధాన్యాలపై నియంత్రణలు తొలగించారు. "లైసెన్స్-పర్మిట్ రాజ్" అనే మాట ఆయన ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. 1969 నాటి బ్యాంకుల జాతీయకరణను సుప్రీంకోర్టులో సవాలు చేసిన ఆర్.సి.కూపర్ ఈ పార్టీకి చెందినవారే.

సంప్రదాయవాదం: హోవర్డ్ ఎర్డ్‌మన్ 1967లో ప్రచురించిన గ్రంథం ఈ పార్టీని భారతీయ సంప్రదాయవాదంలో భాగంగా పరిశీలించింది. రాజాజీ ధర్మం, మత విశ్వాసాలకు ఇచ్చిన ప్రాధాన్యత దీనికి అనుకూలించే అంశం. అయితే పార్టీ ఏ ఒక్క మతానికీ పరిమితం కాలేదు. ఈ విషయంలో జనసంఘ్‌తో దీనికి స్పష్టమైన భేదం ఉంది.

తెలుగులో దీనిని తరచు "మితవాద" పార్టీ అంటారు. గోఖలే తరం కాంగ్రెస్ నాయకులకు కూడా ఇదే పదం వాడుకలో ఉన్నందున, రెండింటికీ అర్థం ఒకటే అని భావించరాదు. మొదటిది ఆర్థిక విధానానికి, రెండవది పోరాట పద్ధతికి సంబంధించినది.

పతనం

1971 ఎన్నికలలో కాంగ్రెస్ (ఓ), జనసంఘ్, సంయుక్త సోషలిస్టు పార్టీలతో కలిసి ఇందిరా గాంధీకి వ్యతిరేకంగా పోటీచేసి పరాజయం పొందింది. 1972 డిసెంబరులో రాజాజీ మరణించారు. 1974లో పార్టీ చరణ్ సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్ దళ్‌లో విలీనమైంది.

ప్రాముఖ్యత

1991 ఆర్థిక సంస్కరణల తరువాత ఈ పార్టీపై ఆసక్తి తిరిగి పెరిగింది. అయితే 1989లో అమలులోకి వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం, నమోదు కోరే ప్రతి పార్టీ సోషలిజం సూత్రానికి కట్టుబడి ఉంటానని తన నియమావళిలో పేర్కొనాలి. స్వతంత్ర పార్టీ వంటి పార్టీ తన సిద్ధాంతాన్ని యథాతథంగా ప్రకటించుకుంటూ ఈ నిబంధనను పాటించడం కష్టం. అందువలన భావజాల వర్గీకరణ కేవలం చరిత్రకారులకు పరిమితమైన చర్చ కాదు.

ఇవి కూడా చూడండి

* చక్రవర్తి రాజగోపాలాచారి
* ఎన్.జి.రంగా
* గౌతు లచ్చన్న