జింకు గనిలో పచ్చదీపం

అమెరికాలోని న్యూజెర్సీలో స్టెర్లింగ్ హిల్ జింకు గని 1986లో మూతపడింది. గని మూతబడ్డ తేదీని కూడా గుర్తుపెట్టుకుంటారా అంటే, రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లను అడగండి.

వెలిగే రాళ్ల అసలు కథ ఇటలీలో మొదలైంది. 1600ల తొలినాళ్లలో బొలోన్యాలో చెప్పులు కుట్టుకునే కాషియరోలో, బంగారం చేద్దామని ఊరి పక్క కొండ మీది బరువైన రాయిని బొగ్గుతో కాల్చాడు. బంగారం రాలేదు కానీ, ఎండ చూపించి తెస్తే ఆ రాయి చీకట్లో వెలిగింది. అది మన మంగంపేటలో తవ్వే ముగ్గురాయి జాతిదే. తర్వాత రెండు శతాబ్దాలు ఒక్క గెంతులో దాటేద్దాం. 1801లో రిట్టర్ అనే శాస్త్రవేత్త ఊదారంగుకు ఆవల కంటికందని కిరణాలున్నాయని పట్టుకున్నాడు. 1852లో మరో శాస్త్రవేత్త స్టోక్స్, ఆ కిరణాలను మింగి కంటికి కనిపించే వెలుగును కక్కే గుణానికి ఫ్లోరైట్ రాయి పేరు మీద ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు.

ఇక నాకిష్టమైన ఊరు ఫ్రాంక్లిన్. స్టెర్లింగ్ హిల్‌కు కూతవేటు దూరం. అక్కడి ముడిఖనిజంలో నల్లటి ఫ్రాంక్లినైట్, ఎర్రటి జింకైట్, విల్లమైట్, వీటన్నిటినీ పట్టుకున్న తెల్లటి కాల్సైట్ కలగలిసి ఉంటాయి. పగటి వెలుతురులో విల్లమైట్‌ను గుర్తుపట్టడం కష్టం. అందులోనేమో బోలెడు జింకు. మిల్లులో ఖనిజం తీసేశాక మిగిలిన చెత్తలో ఎంత పోతోందో ఎలా తెలియాలి? చీకటిగదిలో ఇనుప కడ్డీల మధ్య విద్యుత్ మెరుపు పుట్టించి, ఆ కాంతి కింద చెత్తను పరిచారు. విల్లమైట్ ఉన్నచోట పచ్చగా భగ్గుమంది, కాల్సైట్ నిప్పుకణికల్లా ఎర్రబడింది. రెండింటిలోనూ వెలిగించేది అణుమాత్రం మాంగనీసే. పచ్చ కనిపించిందంటే మిల్లు వాళ్లకు నష్టం. గని కార్మికులకు మాత్రం పండగ! క్యారేజీ డబ్బాల్లో మంచి ముక్కలు ఇంటికి చేరాయి. యాజమాన్యానికి తెలియకుండానా? నాకు నమ్మకం లేదు. ఈనాడు మ్యూజియాల్లో ఉన్న ఫ్రాంక్లిన్ రాళ్లలో కొన్నింటికైనా ఆ డబ్బాలకే దండం పెట్టాలి. ఫ్రాంక్లిన్ గని 1954లో మూతపడింది. 1990లో స్టెర్లింగ్ హిల్ తానే మ్యూజియమైంది.

రెండో ప్రపంచయుద్ధంలో టంగ్‌స్టన్ కోసం ఇలాంటి కాంతినిచ్చే దీపాలతోనే రాత్రిళ్లు కొండలు గాలించారు. టంగ్‌స్టన్ ఉండే షీలైట్ ఖనిజం ఆ వెలుగులో నీలంగా పలుకుతుంది.

ఆ తర్వాత కథ చెల్లాచెదురైంది. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా అలాంటి కిరణాల టార్చే. చవకగా దొరికే 395 నానోమీటర్ల టార్చి వేస్తే రాయి మీద దాని ఊదా వెలుతురే పరుచుకుంటుంది. అది చూసి రాయి వెలిగిందని మురిసిపోయేవాళ్లకు కొదవలేదు. 365 నానోమీటర్లది, ఊదాను ఆపే ఫిల్టరుతో, నయం. కెంపు దానికి ఎర్రగా పలుకుతుంది. షీలైట్, ఫ్రాంక్లిన్ కాల్సైట్ సరిగ్గా పలకాలంటే 254 నానోమీటర్ల దీపం కావాలి, కళ్లకు రక్షణ అద్దాలు కూడా. అయినా రంగును బట్టి పేరు పెట్టేయకూడదు. ఒకచోటి కాల్సైట్ ఎర్రబడుతుంది, ఇంకోచోటిది ఉలకదు. ఇనుము ఎక్కువుంటే వెలుగు చచ్చిపోతుంది. రాతికి అంటిన జిగురు, బట్టల నూలుపోగు కూడా మెరుస్తాయి. గోటితో, కత్తితో గీకి గట్టిదనం చూడాలి, పలుచని ఆమ్లం ఒక చుక్క వేసి పొంగుతుందేమో చూడాలి.

2017లో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒకాయన రాత్రిపూట టార్చి వేస్తే బూడిదరంగు గులకరాళ్లు నారింజ నిప్పులయ్యాయి. వెలిగింది వాటిలోని సోడలైట్. ఇప్పుడవి యూపర్‌లైట్ అనే పేరుతో అమ్ముడుపోతున్నాయి.