ట్యూబులైట్లతో వెలుగుచున్న ఒక దేవాలయము

కొన్ని సంవత్సరముల క్రిందట మేము సేవచేసిన ఒక గ్రామ సంఘములో క్రిస్మసుకు ముందు జరిగిన చిన్న తగవుతో ఈ వ్యాసమును ప్రారంభించుచున్నాము. యౌవనస్థులు ఆలయములోని ట్యూబులైట్లకు నీలము, గులాబి, పసుపు రంగుల పలుచని కాగితములు చుట్టిరి. మీట వేయగానే సున్నము వేసిన తెల్లని గోడలు రంగులు తిరిగెను. పిల్లలు నోళ్లు తెరచి చూచిరి. పెద్దలు మాత్రము, ఇది దేవుని ఆలయమా, పెండ్లిపందిరా అని అడిగిరి. మేము పెద్దల పక్షము వహించితిమి. ఆరాధనకు ముందే కాగితములన్నియు విప్పించితిమి. విప్పిన పిల్లవాడు మాతో ఒక్క మాటయు అనలేదు.

చాలకాలము తరువాత, ఇటలీ దేశమందలి మిలాను నగరములో ఒక దేవాలయమును కేవలము ట్యూబులైట్లతో, ఇంచుమించు అవే రంగులతో, ఒక గొప్ప కళాకారుడు వెలిగించెనని చదివితిమి. ఆ ఆలయమును మేము కన్నులార చూడలేదు. పుస్తకములను, ఛాయాచిత్రములను ఆధారము చేసికొని ఈ చరిత్ర వ్రాయుచున్నాము.

రంగు వెలుగును గూర్చిన తగవు క్రొత్తది కాదు. పారిసు నగర సమీపమున సాన్ డెనీ మఠమునకు అధిపతియైన సూజేరు, తన ఆలయపు తూర్పు భాగమును తిరిగి కట్టించి, గోడలకు బదులు పెద్ద పెద్ద రంగుగాజు కిటికీలు పెట్టించెను. 1144 జూన్ 11న దాని ప్రతిష్ఠ జరిగెను. లోపల అడుగుపెట్టినవాడు వెలుగును దూరమునుండి చూచువాడు కాడు; వెలుగులో నిలిచినవాడగును. అదే శతాబ్దమున సిస్టర్షియను సన్యాసులు తమ ఆలయపు కిటికీలకు రంగులేని తెల్లగాజు తప్ప మరేదియు వాడరాదని నియమము చేసికొనిరి. మా ఊరి పెద్దలకు ఆ కాలముననే తోడు దొరికియుండెడిది!

అయితే సూజేరు కిటికీలలో బొమ్మలుండెను. వెలుగు ఆ బొమ్మలను చూపుటకు వచ్చిన పనివాడు. బొమ్మ లేకుండ, కథ లేకుండ, వెలుగే స్వయముగా కళాఖండముగా నిలుచుట ఇరువదవ శతాబ్దమున జరిగిన సంగతి. చూచువాడు లోపలికి ప్రవేశించి తిరుగునట్లు ఒక గదినంతటిని కళాఖండముగా అమర్చుటను ఇన్‌స్టలేషన్ అని పిలుచుచున్నారు. దానిలో వెలుగును వాడిన మొదటివారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడైన డాన్ ఫ్లావిన్.

ఫ్లావిన్ 1933 ఏప్రిల్ 1న న్యూయార్కు నగరములో ఒక కాథలిక్ కుటుంబమున, డేవిడ్ అను కవల సహోదరునితో కూడ జన్మించెను. బాల్యముననే అతనిని గురువృత్తికి సిద్ధపరచు సెమినరీకి పంపిరి. 1947 నుండి 1952 వరకు అక్కడ చదివి, గురువు కాకుండగనే బయటకు వచ్చెను. వాయుసేనలో చేరి వాతావరణ పరిశీలన నేర్చెను, కొరియాలో పనిచేసెను. తిరిగి వచ్చి న్యూయార్కు మ్యూజియములలో కాపలా వంటి చిన్న ఉద్యోగములు చేసెను. 1961లో ప్రకృతిచరిత్ర మ్యూజియములో కాపలాదారుగా నడచుచు, విద్యుద్దీపములతో కళాఖండములు చేయు ఆలోచనలను చీటీలపై వ్రాసి జేబులో దాచుకొనెడివాడు.

అతని మొదటి పనులు రంగువేసిన చతురస్రపు పెట్టెలు. వాటి అంచులకు బల్బులు, ట్యూబులు బిగించెను. భార్య సోనియా ఆ పనిలో తోడ్పడెను. వాటికి అతడు పెట్టిన పేరు ఐకానులు. తూర్పు సంఘములలో విశ్వాసులు దీపములు వెలిగించి గౌరవించు పరిశుద్ధ చిత్రపటములకు ఆ పేరు గలదు. సెమినరీలో చదివినవాడు ఆ మాటను ఎరుగక వాడలేదు. అయితే తన ఐకానులు ఏ ఘనమైన ఆలయమునకును చెందినవి కావని, బోసి గదులకు చెందినవని అతడు చెప్పుకొనెను. 1962లో కవల సహోదరుడు మరణించెను. ఐకానులలో నాలుగవదానిని ఫ్లావిన్ ఆ సహోదరునికి అంకితము చేసెను. అది ఆసాంతము తెలుపు. మరణకూడికలలో మాటలు చాలక నిలువబడిన మాబోటివారికి, ఆ తెల్లని పెట్టెను తలచుకొన్నప్పుడు మనస్సు కొంత ఆగును.

1963 మే 25న అతడు పెట్టెను వదలెను. ఎనిమిది అడుగుల పసుపు ట్యూబులైటు నొకదానిని గోడమీద ఏటవాలుగా బిగించి, ఇది చాలుననుకొనెను. ఆ తరువాత ముప్పది సంవత్సరములకు పైగా ట్యూబులైటు తప్ప మరొకటి దాదాపు ముట్టలేదు. అదియు ప్రత్యేకముగా చేయించినది కాదు. అంగడిలో ఎవరైనను కొనదగిన కొలతలు, కొనదగిన రంగులు మాత్రమే.

ట్యూబులైటు ఇంత పనికి ఎట్లు వచ్చెనో కొంచెము చెప్పవలెను. 1938లో అమెరికాలో అది అమ్మకమునకు వచ్చెను. గాజు గొట్టములో కొద్దిపాటి పాదరసపు ఆవిరి ఉండును. దానిగుండ విద్యుత్తు ప్రవహించినప్పుడు మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు పుట్టును. గొట్టము లోపలి గోడకు పూసిన పొడి ఆ కిరణములను తాను పుచ్చుకొని, కనబడు వెలుగుగా మార్చి ఇచ్చును. పొడిని మార్చినచో వెలుగు రంగు మారును. బల్బువలె ఒక్క బిందువునుండి కాక నిలువునా సమముగా వెలుగును గనుక, అది గోడను, కప్పును, మూలను, నిలిచిన మనుష్యుని ముఖమును రంగుతో నింపును. ఆకుపచ్చ ట్యూబులున్న గదిలో కొంతసేపు నిలిచినచో కన్ను అలవాటుపడి ఆ పచ్చదనమే తెలుపుగా తోచును. అప్పుడు కిటికీ వెలుపలి పగటి వెలుగు గులాబిరంగుగా కనబడును. కన్ను కూడ ఆ పనిలో పాలివాడగుచున్నది.

ఈ బాటలో మరికొందరు నడచిరి. క్వేకరు కుటుంబమున పుట్టిన జేమ్స్ టరెల్ 1966లో కాలిఫోర్నియాలో మూతపడిన ఒక పాత హోటలును అద్దెకు తీసికొని, కిటికీలన్నియు మూసి, గది మూలపై వెలుగును ప్రసరింపజేసెను. చూచువారికి అది గాలిలో తేలు తెల్లని ఘనముగా కనబడెను. హ్యూస్టను నగరములో క్వేకరుల ఆరాధన మందిరమునకు కప్పులో ఆకాశము కనబడునట్లు కిటికీ అమర్చినవాడును అతడే. 2003లో లండనులో ఓలాఫర్ ఎలియాసన్, సగము సూర్యుని దీపములతో చేసి, పైన అద్దములు పరచి పూర్తి సూర్యునిగా కనబడునట్లు చేయగా, ఇరువది లక్షలమందికి పైగా వచ్చి చూచిరి. అనేకులు నేలమీద వెల్లకిల పరుండి పైనున్న తమ ప్రతిబింబములను చూచుకొనిరి. ఇవన్నియు గొప్పవే. కాని మా మనస్సు ఫ్లావిన్ యొద్దకే తిరుగుచున్నది.

న్యూయార్కు రాష్ట్రమందలి బ్రిడ్జ్‌హాంప్టను అను ఊరిలో 1908లో అగ్నిమాపక కేంద్రముగా కట్టిన భవనమొకటి, 1924 నుండి యాభై సంవత్సరములు బాప్తిస్టు ఆలయముగా ఉండెను. 1983లో అది ఫ్లావిన్ దీపములకు శాశ్వత స్థలమాయెను. అప్పుడతడు పాత ఆలయపు జ్ఞాపకములను ఊడ్చివేయక, ఒక చిన్న గదిలో నియాన్ సిలువతో సహా ఉంచెను. మా పని దేవుని కొరకని చెప్పుకొనుచు పాత పుల్‌పిటును వంటచెరుకు చేసిన సంఘములను మేము చూచియున్నాము.

ఇక మిలాను సంగతి. ఆ నగరపు దక్షిణ భాగమున చియేజా రోస్సా అను పేటలో, జొవాన్ని ముజియో అను వాస్తుశిల్పి రూపమిచ్చిన కన్య మరియ ఆలయము గలదు. 1996లో దానిని బాగుచేయు సందర్భమున అక్కడి ఫాదరుగారు, ఆలయమునకు వెలుగు ఇయ్యవలసినదని ఫ్లావిన్‌ను కోరెను. అతడు మధుమేహముతో కృశించియుండెను. సెమినరీ విడిచి నలుబది నాలుగు సంవత్సరములు గడచెను. అయినను ఒప్పుకొని నమూనా గీచెను. 1996 నవంబరు 29న మరణించెను; దానికి రెండు దినముల ముందే నమూనా పూర్తియాయెను. సరిగా సంవత్సరమునకు, 1997 నవంబరు 29న, ఆ దీపములు వెలిగెను.

జనులు కూర్చుండు నడిమిశాలలో పైకప్పు పొడవునా నీలము, ఆకుపచ్చ. దానికి అడ్డముగా నున్న భాగమున గులాబి. బలిపీఠము వెనుకటి అర్ధవలయమున బంగారు పసుపు. రాత్రి, వేకువ, పగలు అను వరుసలో ద్వారమునుండి లోనికి నడచువాడు సాగును. గోడలపై బొమ్మ వేయలేదు, అక్షరము వ్రాయలేదు.

ఈ కథను ప్రసంగములో వాడుకొనవలెనని మాకు మొదట ఆశ కలిగెను. తప్పిపోయిన కుమారుడు ఇంటికి వచ్చెననవచ్చును గదా! అది న్యాయము కాదు. తన దీపములలో ఆధ్యాత్మికార్థము వెదకవద్దని ఫ్లావిన్ జీవితమంతయు పట్టుబట్టెను. దీపము దీపమే, గది గదియే అనునది అతని మాట. చనిపోయినవాని నోట మన సాక్ష్యము పెట్టుట తగదు. అతడు ఒప్పుకొనెను, గీచెను. అంతవరకే మనకు తెలియును. ఆ వెలుగు క్రింద ప్రార్థించువారు ఏమి పొందుచున్నారో అది వారి సంగతి.

ట్యూబులకు ఆయుష్షు కొద్దికాలమే. మాడిపోయినదానిని తీసి క్రొత్తది బిగింపవలెను. ఈ సంగతి తెలిసియే ఫ్లావిన్ వాటిని ఎంచుకొనెను. 2023 నుండి ఐరోపా సమాఖ్యలో సాధారణ ట్యూబులైట్లను క్రొత్తగా అమ్మకమునకు విడుదలచేయుట నిలిచిపోయినది. నిలువచేసినవి ఉన్నంతకాలము సరే. తరువాత ఏమి బిగింతురో, పసుపు ఆ పసుపుగానే ఉండునో లేదో ఆ ఆలయపు కాపరులు యోచింపవలసియున్నది.

మేము ఆ గ్రామమునకు బదిలీమీద మరల వెళ్లలేదు. గత సంవత్సరము ఒక వివాహమునకు వెళ్లినప్పుడు ఆలయములోనికి పోయి చూచితిమి. గోడలకు క్రొత్తగా సున్నము వేసిరి. ట్యూబులు పోయి ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. వెస్ట్రీ బీరువాలో, పాత పాటల పుస్తకముల క్రింద, ఆ రంగు కాగితములు మడతపెట్టి యున్నవి. నీలపుదానిని తీసి కిటికీకి అడ్డముగా పట్టుకొని చూచితిమి. ఒక మూల ఎలుక కొరికినది. మిగిలినదంతయు బాగుగనే యున్నది.