సౌందర్య ప్రకటనల మేకప్, కేశాలంకరణ

సబ్బులు, క్రీములు, షాంపూల ప్రకటనల కోసం మోడల్ ముఖం సహజంగా నిగనిగలాడేలా, జుట్టు నున్నగా జారేలా తీర్చిదిద్దే పని. మన దేశంలో ఈ ప్రకటనలకు సినీతారలే ఎప్పటినుంచో ప్రధాన ఆకర్షణ. 1941లోనే నటి లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించారు.

మేకప్ వేసుకున్నట్టు తెలియకపోవడమే ఇందులో అసలు కష్టం. మాయిశ్చరైజర్ చర్మంలోకి ఇంకాక, పలుచని ఫౌండేషన్‌ను తడి స్పాంజితో అద్దుతారు. మచ్చ ఉన్నచోటే కన్సీలర్. పుట్టుమచ్చను మాత్రం వదిలేయాలి, ముఖానికి కళ తెచ్చేది అదే. క్రీమ్ హైలైటర్ చెంప ఎముకల పైన, ముక్కు దూలం మీద చాలు. జిడ్డు వేరు, నిగారింపు వేరు కాబట్టి ముక్కు పక్కల, నుదుటి నడుమ కాస్త పౌడర్ తప్పదు. టైటానియం డయాక్సైడ్ ఎక్కువున్న పౌడర్ ఫ్లాష్ పడగానే తెల్లగా తేలిపోతుంది. చామనఛాయ ముఖాల మీద అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఉంటుంది. డ్రయర్ గాలిని కుదుళ్ల నుంచి కొసల వైపు పట్టిస్తే ఆ పొలుసులు అణిగి, వెలుతురు చెదరకుండా ప్రతిఫలిస్తుంది. పాపిట దగ్గర లేచే చిన్న వెంట్రుకలను టూత్‌బ్రష్‌కు జెల్ రాసి దువ్వి అణచుతారు.

ఫొటో తీశాక కంప్యూటర్‌లో జరిగే దిద్దుబాటుకూ హద్దులున్నాయి. నటి జూలియా రాబర్ట్స్ కనిపించిన లాంకోమ్ ఫౌండేషన్ ప్రకటనను 2011లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ నిషేధించింది. దిద్దకముందు ఫొటో ఎలా ఉందో ఆ సంస్థకు చూపకపోవడమే కారణం.