లంక పొగాకు - ఊపిరి లెక్క

గోదావరి వరద తీసిన పిదప లంకలపై నిలిచెడి ఒండ్రుమట్టి బంగారము పండించునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మట్టిలో పండిన ఆకునకే లంక పొగాకని పేరు. పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చిన ఈ మొక్క గోదావరి లంకలలో వేళ్ళూనుకొనగా, ఆ ఆకుతో చుట్టిన చుట్ట తెలుగువారి వీథి అరుగులపై స్థిరపడినది. లంక ఆకు బర్మాకు సైతము ఎగుమతి అయ్యెను. 1897లో వెలువడిన గురజాడవారి ‘కన్యాశుల్కము’లో గిరీశము తన శిష్యునకు చుట్ట కాల్చుటను ఒక విద్యవలె నేర్పుట చూచి నవ్వుకొననివారు లేరు. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయము వెలసినది. ఈ విధముగా పొగాకు మన సీమకు పంటయు, జీవనోపాధియు, వినోదమును అయినది.

ఈ పొగ ఊపిరితిత్తులకు చేయు కీడు మాత్రము ఆ తరువాత మూడేండ్లకు గాని లోకమునకు నిలకడగా తెలియలేదు. ఇంగ్లండులో ఊపిరితిత్తుల కాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అను వ్యాధి, నానాటికి హెచ్చుచుండెను. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు లండను ఆసుపత్రులలోని రోగుల అలవాట్లను విచారించిరి. తారురోడ్లో, మోటారుల పొగయో కారణమై యుండునని డాల్ మొదట శంకించెను. లెక్కలు సిగరెట్టునే చూపినవి. 1950లో వారు ఆ ఫలితమును ప్రకటించిరి. పరిశోధన ముగియకముందే డాల్ తాను పొగ మానివేసెను.

మన తీరమునందును హెచ్చరిక వినబడకపోలేదు. ఉత్తర కోస్తాలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు, విశేషించి స్త్రీలలో, చిరకాలముగా వచ్చినది. అంగిలిలో పుట్టు కాన్సరునకు ఆ అలవాటే హేతువని 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు గార్లు వెల్లడించిరి. చుట్ట పొగను లోనికి పీల్చకున్నను నోటికి, గొంతునకు ముప్పు తప్పదు. పీల్చినచో ఊపిరితిత్తులకును తప్పదు.

“ఇన్నేండ్లు కాల్చితిమి, ఇప్పుడు మానిన నేమి లాభము?” అని అడుగు పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. దీనికి జవాబు 2000లో డాల్ ప్రభృతులు ప్రకటించిన బ్రిటిషు లెక్కలలో కలదు. విడువక సిగరెట్లు కాల్చు పురుషులు నూరుగురిలో సుమారు 16 మందికి 75 ఏండ్లలోపల ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించు ముప్పు కలదు. 60వ యేట మానినచో అది 10కి, 50వ యేట మానినచో 6కు, 40వ యేట 3కు, 30వ యేట 2కు దిగును. జరిగిన హాని యంతయు మాసిపోదు గాని, జరుగనున్న హానిలో పెద్దపాలు తప్పిపోవును. గుండెజబ్బు ముప్పు ఇంకను త్వరగా తగ్గును.

ముప్పు తెలిసికొనుటయు మానుటవంటిదే. మూడు వారములు దాటిన దగ్గు, కఫములో రక్తపుజీర, కారణము తెలియక చిక్కిపోవుట కానవచ్చినచో వైద్యునకు చూపవలెను. ఈ లక్షణములు క్షయవ్యాధికిని కలవు. అందుచేత కొందరు క్షయకే మందు వాడుచు విలువైన కాలమును పోగొట్టుకొందురు. ఎన్నేండ్లు, రోజుకు ఎన్ని కాల్చితిరో దాచక చెప్పుట రోగిపని.

మానిన తొలివారములలో చిరాకు, నిద్రలేమి కలుగుట సహజము. అది ఓటమి కాదు. పొగాకులోని నికొటిన్ శరీరమును విడుచుచున్నదను గురుతు. ఒకసారి తప్పినవారు మరల పూనుకొనవలెను. వైద్యుల సహాయమును, ఇంటివారి ఓర్పును ఇందుకు తోడగును.

లంకలలో ఏ పంట వేయవలెనో రైతు ఒక్కడే నిర్ణయింపజాలడు. బజారు, అప్పు, ఏరు అన్నియు అందులో పాలుపంచుకొనును. చేతిలోని చుట్టను పారవేయుటకు మాత్రము ఎవరి అనుమతియు అక్కరలేదు.