బాయి

గచ్చిబౌలిలో రాత్రి పదకొండు దాటాక టీ బండి దగ్గర షిఫ్టు మధ్యలో కిందికి దిగొచ్చిన పిల్లలు కనిపిస్తారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో చాయ్. మొన్న వాళ్ళలో ఒకబ్బాయి ఫోన్లో తల్లిని అడుగుతున్నాడు: "బాపు బాయిల దిగిండా?" వాళ్ళది గోదావరిఖని.

బాయి అంటే బొగ్గు గని. కంపెనీ కాగితాల్లో అది మైన్, ఇంక్లైన్, షాఫ్ట్. పుస్తకాల్లో గని, అంటే సంస్కృతపు 'ఖని'. ఊరి పేరులో ఆ ఖని అలాగే నిలిచింది. పనిచేసేవాళ్ళ నోట మాత్రం బాయే. సంస్కృత 'వాపి' మనకు బావి అయింది, తెలంగాణలో బాయి అయింది. ఉర్దూ 'బౌలి'కీ మూలం ఆ 'వాపి'యే. గచ్చిబౌలి అంటే గచ్చు చేసిన దిగుడుబావి. ఆ అబ్బాయి ఒక బాయి పేరున్న చోట నిలబడి ఇంకో బాయి గురించి అడిగాడన్నమాట.

నీళ్ళ బావి పేరు బొగ్గుకెలా వచ్చింది? లోతుగా తవ్విన గొయ్యి గనుక అని సరిపెట్టుకోవచ్చు. నాకది చాలదు. తెలంగాణ పల్లెలో "బాయికాడికి పోయిండు" అంటే పొలానికి పోయాడని. పని ఉన్న చోటే బాయి. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైంది, తర్వాత కొత్తగూడెం, బెల్లంపల్లి. సేద్యం వదిలి వచ్చినవాళ్ళు వదలకుండా తెచ్చుకున్న మాట ఇదని నా నమ్మకం. ఒక్క తేడా వచ్చింది. రైతు బాయి'కాడికి' పోతాడు, కార్మికుడు బాయి'ల' దిగుతాడు. 'కాడ' పోయి 'ల' వచ్చింది. ఒడ్డున నిలబడే మనిషి లోపలికి పోయాడు. బొగ్గెత్తే తట్టా చెమ్మస్ బరువూ, నెత్తిమీద దీపమూ, పైకప్పు కూలుతుందేమోనన్న భయమూ ఆ ఒక్క అక్షరంలోనే ఉన్నాయి.

మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి. బాయి ఆయన ఇంటి భాషలో బౌలి. 1908లో మెదక్ జిల్లా అందోలులో పుట్టిన ఆయన, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగాన్ని 1941లో వదిలేశారు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. బౌలి అనే మనిషి బాయి మనుషుల పక్షాన నిలబడ్డారు. ఈ బాయిలు నడిపే సింగరేణి కంపెనీలో కార్మిక సంఘం కట్టిన దేవూరి శేషగిరి 1948లో హతుడయ్యాడు. మఖ్దూం తర్వాత శాసనసభకూ, మండలికీ వెళ్ళి 1969లో కన్నుమూశారు.

దూరాన చిలీలో ఇలాంటి మనిషే లూయిస్ ఎమీలియో రెకబారెన్. అచ్చక్షరాలు పేర్చే పని నుంచి పాత్రికేయుడై, 1912లో ఇకీకే పట్నంలో సోషలిస్టు కార్మిక పార్టీనీ, కార్మికుల పత్రికనూ పెట్టాడు. అక్కడి ఎడారిలో నైట్రేటు తీసే చోటును 'ఒఫిసినా' అంటారు. మన ఆఫీసుకు దగ్గరి చుట్టం. యజమాని లెక్కల పుస్తకంలోని మాటలా వినిపిస్తుంది నాకు. బాయి అలా కాదు, అది పనివాడు తన ఊరి నుంచి మోసుకొచ్చినది.

మళ్ళీ గచ్చిబౌలి వైపు వద్దాం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరిచారు. ఈ వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసే పిల్లల్లో బాయి జీతం మీద చదువుకున్నవాళ్ళు ఉన్నారు. మీరు వాళ్ళలో ఒకరైతే, ఈసారి దసరాకు ఇంటికి పోయినప్పుడు బాపును కూర్చోబెట్టి అడగండి. బాయి, మస్టరు, తట్ట, చెమ్మస్ అని ఆయన ఎలా పలుకుతాడో, ఆ గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి.