ఐర్లండు చిత్రములు – కానరాని కర్షకుడు

18వ శతాబ్దపు ఐర్లండు ప్రకృతి చిత్రములను జూడగా మొదట సౌందర్యము తోచును. పిదప చరిత్రము తోచవలెను. డబ్లినువాడగు జార్జి బారెట్ పవర్సుకోర్టు జలపాతమును చిత్రించెను. భీషణప్రకృతియందును ఆనందము గలదని 1757లో గ్రంథము ప్రకటించిన ఎడ్మండు బర్కు ఆతనికి ప్రోత్సాహకుడు. థామస్ రాబర్ట్సు (1748–1777) లెన్‌స్టరు ప్రభువుయొక్క కార్టను వనమును చిత్రించెను. ఇవి మనోహరములే. కాని యా భూమి యెవరిది? జనులలో అధికసంఖ్యాకులగు రోమను కాథలికులు భూమి కొనరాదని 1704లో శాసనము పుట్టెను; 1740–41 క్షామమున లక్షలకొలది జనులు మడిసిరి. చిత్రమునకు వెల యిచ్చినవాడు భూస్వామి. కావుననే పటమున నాతని వనము పచ్చగా నున్నది. దున్నువాని యాకలి కానరాదు. చిత్రకారుని మేము నిందింపము. పటమును మెచ్చువారు దాని చట్రమునకు వెలుపలనున్న వానినిగూడ తలపవలెనని మాత్రమే మా మనవి.