దూలం ఎంత బరువు మోయగలదు?

గోదావరి ఒడ్డున ధర్మపురి వంటి ఊళ్లలో పాత ఇంటి కప్పు వంక చూస్తే గోడ నుండి గోడకు టేకు దూలాలు, వాటిపై దంతెలు కనిపిస్తాయి. వాటి మందాన్ని నిర్ణయించినది వడ్రంగి అనుభవం. నేటి పెద్ద భవనాలలో చాలావాటికి ఆ స్థానంలో ఉక్కు దూలం, దానిపై కాంక్రీటు పలక వచ్చాయి. ఈ జంట ఎంత మోయగలదో ముందుగా లెక్కించడానికి మానవుడికి మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఈ ప్రశ్నను లెక్కలోకి దించినవాడు గెలీలియో. ఒక కొస గోడలో బిగించి ఉన్న దూలానికి లోతు రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుందని 1638లో వెలువడిన గ్రంథంలో సరిగానే చెప్పాడు. కాని అడ్డకోతలోని పోగులన్నీ సమానంగా లాగబడతాయని భావించాడు. నిజానికి అటువంటి దూలంలో పై పోగులు సాగుతాయి, కింది పోగులు నలుగుతాయి, నడుమ ఒక పొర సాగదు, నలగదు. అందువల్ల హుక్ నియమాన్ని పాటించే పదార్థానికి గెలీలియో లెక్క నిజబలానికి మూడు రెట్లు చూపుతుంది. దాన్ని నమ్మి మేడ కట్టినవాని గతి ఏమిటి? కర్ర, గాజు కడ్డీలను విరిచి చూసిన మారియట్ ఆ శతాబ్దంలోనే తేడా కనిపెట్టాడు. పారెంట్, కూలుం దాన్ని సవరించగా, 1826లో నేవియే దానికి నేటి పాఠ్యరూపం ఇచ్చాడు.

ఇక జంట దూలం సంగతి. రెండు చెక్క స్కేళ్లను ఒకదానిపై ఒకటి పెట్టి వంచి చూడండి. కొసల వద్ద ఒకటి రెండోదానిపై జారుతుంది. అప్పుడు వాటి బలం ఒక్కదానికి రెట్టింపు మాత్రమే. వాటినే గట్టిగా అతికిస్తే బలం నాలుగు రెట్లు, వంపును ఎదిరించే శక్తి ఎనిమిది రెట్లు! చెక్క ఏమీ పెరగలేదు, జారుడు ఆగింది, అంతే.

ఉక్కు దూలాలను నిప్పు నుండి కాపాడటానికి చుట్టూ కాంక్రీటు పోసే వాడుక ఉండేది. బరువంతా ఉక్కే మోస్తుందని లెక్క. 1922లో కెనడాలో డొమినియన్ బ్రిడ్జి కంపెనీ అటువంటి అంతస్తులపై బరువులు వేసి పరీక్షించగా కాంక్రీటు కూడా పాలు పంచుకుంటున్నట్లు తేలింది. అయితే ఉక్కుకూ కాంక్రీటుకూ ఉన్న సహజమైన పట్టును నమ్ముకోవడం ప్రమాదం. ఒకసారి విడిపోతే జంట రెండు విడి స్కేళ్లవుతుంది. అందుకే ఉక్కుపై తలగల లావుపాటి మేకులను అతికి, వాటి చుట్టూ కాంక్రీటు పోసే పద్ధతి వచ్చింది. 1950 దశకంలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో వీస్ట్ ఈ మేకులను పరీక్షించాడు. 1971లో లీహై విశ్వవిద్యాలయం వారు 48 నమూనాలను విరిగేదాకా నెట్టి ఒక సూత్రం ప్రకటించారు. కాంక్రీటు బలాన్ని దాని స్థితిస్థాపక గుణకంతో హెచ్చించి, వర్గమూలం తీసి, మేకు అడ్డకోత వైశాల్యంలో సగంతో గుణిస్తే మేకు మోయగల బలం వస్తుంది. మేకు ఉక్కు తెగే బలమే దానికి గరిష్ఠ హద్దు.

మన దేశంలో ఇటువంటి జంట కట్టడాలకు 1966లో ఒక నియమావళి, 1985లో మరొకటి వెలువడ్డాయి. అయినా లెక్క వేరు, కట్టిన కట్టడం వేరు. సందేహం కలిగిన కాంక్రీటు కట్టడంపై, దాని సొంత భారానికి తోడు వాడుక బరువుకు ఒకటింబావు రెట్లు 24 గంటలు ఉంచాలని 2000 నాటి కాంక్రీటు నియమావళి విధించింది. బరువు దించిన 24 గంటలలో వంపులో నూటికి 75 వంతులైనా సరికావాలి. కాకుంటే 72 గంటల తరువాత మరొక పరీక్ష జరపవచ్చు. అందులో 80 వంతులు రాకపోతే ఆ కట్టడం పనికిరాదు.